బీరువాలోని పాట, తీగవెంట వచ్చు పాట

నరసరావుపేటలోగాని, మాచర్లలోగాని, గురజాలలోగాని సంగీతమునందు ప్రీతిగల ఇంటికి వెళ్లినచో నేడొక దృశ్యము తరచుగా కానవచ్చును. ముందుగదిలో ఒక యాంప్లిఫయరు, దానికి ఇరువైపుల రెండు స్పీకర్లు, క్రింద ఒక సి.డి. ప్లేయరు, ప్రక్కన అద్దముల బీరువాలో వరుసగా పేర్చిన సి.డి. బిళ్లలు. ఇరువది, ముప్పది సంవత్సరములపాటు ఒక్కొక్కటిగా కూడబెట్టినవి అవి. గుంటూరో, విజయవాడో వెళ్లినప్పుడు, తిరుగు బస్సుకు వేళయగుచున్నను దుకాణములో నిలిచి ఏరి తెచ్చుకొన్నవి. ఇప్పుడా ప్లేయరు ముసలిదైనది. బిళ్లను లోనికి తీసికొని, కొంతసేపు తడుముకొని, మరల బయటికి నెట్టుచున్నది. దానిని బాగుచేయువారు అరుదైరి. క్రొత్త బిళ్లలనమ్ము దుకాణములును అరుదైనవి. ఇంటిలోని పిల్లలు మాత్రము, “ఇంకను బిళ్ల లెందుకు? పాటలన్నియు ఫోనులోనే వచ్చుచున్నవి గదా!” అనుచున్నారు.

ఈ మాట విన్న పెద్దలకు రెండు సందేహములు కలుగును. తీగవెంట, గాలివెంట వచ్చు పాట బిళ్లమీది పాటకు సాటి రాగలదా అనునది మొదటిది. సాటి రాగలిగినచో ఈ బీరువాను ఏమి చేయవలెనన్నది రెండవది. మొదటి ప్రశ్నను గూర్చి అందరును వాదింతురు. రెండవదానిని గూర్చి ఆలోచించువారు తక్కువ. మా ఇంటిలో ఈ మార్పును మేము చేసికొని కొంతకాలమైనది. మొదటి సందేహము మేమనుకొన్నదానికంటె సులభముగా తీరినది. రెండవదానిని తేలికగా తీసికొన్నందున మేము నష్టపోతిమి. అందుచేత ఈ రెంటిని వరుసగా విన్నవించుచున్నాము.

పాట తన వాహనమును మార్చుకొనుట పల్నాటివారికి క్రొత్త సంగతి కాదు. పల్నాటి వీరుల కథనే చూడుడు. కారెంపూడిలో ఏటేట కార్తిక అమావాస్య మొదలు జరుగు వీరుల ఉత్సవములలో వీరవిద్యావంతులు ఆ కథను నోటనే పాడుచు వచ్చిరి. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చువేయించిరి. పిదప షేక్ నాజరుగారు దానిని బుర్రకథగా ఊరూర వినిపించిరి. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ఆరంభమైన పిమ్మట ఈ నేలమీది కథలు, పాటలు ఆకాశమార్గమున ఇంటింటికి వచ్చినవి. అలిశెట్టి గాలెయ్యగారు పాడిన పాఠమును ఆధారముగా చేసికొని జీన్ రోఘెయిర్ అను అమెరికా పండితుడు 1982లో ఒక ఆంగ్ల గ్రంథమును ప్రకటించెను. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించిన సి.డి. జపానులో మొదట అమ్మకమునకు వచ్చినదియు ఆ 1982లోనే. ఇట్లు నోటినుండి పుస్తకమునకు, పుస్తకమునుండి రేడియోకు, టేపునకు, బిళ్లకు పాట ప్రయాణము చేయుచునే యున్నది. ప్రతి మజిలీలోను అడుగవలసిన ప్రశ్న ఒకటే: బండి మారినప్పుడు సామానంతయు ఎక్కినదా, లేక కొంత వెనుక నిలిచిపోయినదా?

సామాను ఏదో తెలియవలెనన్న సి.డి.లో నున్నదేమో ముందుగా తెలిసికొనవలెను. నాగార్జునసాగరు జలాశయముకడ నీటిమట్టమును వేళకు వేళకు కొలిచి పుస్తకములో వ్రాయుదురు. ఆ అంకెల వరుసను బట్టి, జలాశయమును చూడనివాడు సైతము నీరు ఎప్పుడెంత పెరిగినదో, ఎప్పుడెంత తగ్గినదో గీత గీసి చూపగలడు. సి.డి.లో నున్నదియు అటువంటి లెక్కల పుస్తకమే. గాలిలో ధ్వనితరంగముయొక్క ఎత్తుపల్లములను సెకనుకు 44,100 పర్యాయములు కొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టుగా గుర్తించి, కుడి ఎడమలకు వేర్వేరుగా వ్రాయుదురు. ఎంత వేగముగా కదలు స్వరమునైనను, దాని వేగమునకు రెట్టింపునకు మించి కొలిచినచో పూర్తిగా తిరిగి గీయవచ్చునని గణితము చెప్పుచున్నది. మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములకు మించి వినలేదు. కావుననే 44,100 అను సంఖ్య చాలినది.

ఆ అంకెలు బిళ్లమీద అతి సూక్ష్మములైన గుంటలుగా ఉండును. ఆ గుంటల వరుస లోపలినుండి బయటికి చుట్టలు చుట్టుకొని పోవును. దానిని విప్పి పరచినచో ఐదు కిలోమీటర్లకు మించు బాట యగును. లేజరు కిరణమొకటి ఆ బాటవెంట నడచుచు గుంటలను చదువును. చిన్న గీతలు పడినను లెక్క తప్పకుండుటకు అదనపు అంకెలు సాయము చేయును. గీత పెద్దదైనప్పుడే పాట తడబడును. ఇచ్చట గ్రహింపవలసిన దేమనగా, సి.డి.లో నున్నది ధ్వని కాదు, ధ్వనినిగూర్చిన అంకెలు. అంకెలు కాగితముమీద నున్నను, రాతిమీద నున్నను అర్థమొకటే. అట్లే ఆ అంకెలు బిళ్లమీదినుండి వచ్చినను, ఫైబరు తీగ వెంట వచ్చినను, ఒక్కటియు మారకుండ వచ్చినచో పుట్టు ధ్వని యొక్కటే. “బిళ్లలో నిండుదనము కలదు, తీగపాటలో లేదు” అను మాట, అంకెలు మారనంతవరకు నిలువదు.

అంకెలు మారకుండ వచ్చుచున్నవా అన్నదే అసలు ప్రశ్న. ఇచ్చటనే మన పిల్లల మాటకు, మన చెవి మాటకు తేడా వచ్చును.

సి.డి.లో సెకనుకు సుమారు 1,411 కిలోబిట్ల అంకెలు ప్రవహించును. ఒక గంట పాటకు 635 మెగాబైట్లు. ఇంత భారమును పంపుట కష్టమైన రోజులలో దానిని కుదించు విధానములు వెలసినవి. ఈ కుదింపు రెండు తెరగులు. మన చిలకలూరిపేట ప్రాంతమున జిన్నింగు మిల్లులలో ప్రత్తిని అదిమి బేళ్లు కట్టుట మనము చూచినదే. బేలు చిన్నది. కాని దానిని విప్పినచో ప్రత్తి యంతయు తిరిగి వచ్చును, ఒక్క పోగైన తగ్గదు. సంగీతములో దీనికి సాటియైనది నష్టరహితమైన కుదింపు. 2001లో పూర్తిరూపముతో వెలువడిన ఫ్లాక్ అను విధానము ఇట్టిది. మరల మరల వచ్చు అంకెలను పూర్వపు కరణములు ‘సదరు’ అని వ్రాసినట్లు సంక్షేపముగా వ్రాసికొని, వినువేళ యథాతథముగా విప్పును. పరిమాణము సాధారణముగా సగమునకో, అంతకు కొంచెము పైకో తగ్గును.

రెండవ తెరగు సారాంశము వ్రాయుటవంటిది. రాత్రియంతయు సాగిన కథను ఒక పుటలో చెప్పినచో కథ తెలియును గాని కథకుని గొంతు వినబడదు. 1990 ప్రాంతమున రూపొందిన ఎం.పి.3 మొదలగు విధానములు ఇట్టివి. పెద్ద ధ్వని వెనుక నణగిపోవు చిన్న ధ్వనిని చెవి వినదను సూత్రమును బట్టి అవి కొన్ని అంకెలను విడిచివేయును. విడిచినవి మరల రావు. సెకనుకు 128 కిలోబిట్లకు కుదించిన పాటలో సి.డి. అంకెలలో పదకొండవ వంతు పరిమాణమే మిగులును. 320 కిలోబిట్లైనచో పరిస్థితి చాల మేలు. ఆ స్థాయిలో భేదమును పట్టుట పలువురికి దుర్లభము. ఈ విషయమున నిజాయితీగా ఉండుట మంచిది.

కాని తక్కువ పరిమాణములో విడిచినది ఏమైనదో తెలిసికొనవలెనన్న మన ప్రాంతపు వాద్యమునే వినుడు. చిలకలూరిపేట నాదస్వరమునకు పేరుపొందిన ఊరు. షేక్ చిన మౌలానాగారికి (1924-1999) విద్యనేర్పిన గురువులలో షేక్ ఆదం సాహెబుగారు ఆ ఊరివారే. నాదస్వరముతో కూడి డోలు మ్రోగినప్పుడు పుల్ల తగిలిన క్షణమున పుట్టు చురుకుదనము, తాళము విడిపోయిన పిదప గాలిలో మిగిలిన గలగల, వీనిని అధికముగా కుదించినచో దెబ్బ మొద్దుబారును. తాళపుధ్వని నీటిలో కదలినట్లు మసకబారును. గాయకుని గొంతుకంటె ఇట్టి ధ్వనులే కుదింపును ముందుగా బయటపెట్టును. మీ ఇంటిలో పరీక్ష చేయదలచినచో సినిమా పాటతో గాక డోలు, తాళములతోగూడిన మేళముతో చేయుడు.

ఈ నష్టరహితమైన సంగీతము నేడు మన దేశమున చందాకు దొరకుచున్నది. ఆపిల్ మ్యూజిక్ 2021లో తన భాండారమును ఈ రూపమున ఇయ్య నారంభించినది. స్పాటిఫై 2025లో ఆ బాట పట్టినది. ఐతే అన్ని తరగతుల చందాలలోను ఈ సౌకర్యముండదు. ఉన్నచోట సైతము దానిని మనము కోరి ఏర్పరచుకొనవలెను. చందా కట్టి, ‘ధ్వని నాణ్యత’ అను అమరికను తెరచి చూడకుండ ఏండ్లతరబడి తక్కువ పరిమాణపు పాటనే వినుచున్న ఇండ్లు కలవు. మేమును మొదటి కొన్ని వారములు ఆ ఇండ్లలోనివారమే. అట్లే పాటలన్నిటిని ఒకే బిగ్గరతనమునకు తెచ్చు అమరికయు నొకటి ఉండును. శ్రద్ధగా వినునప్పుడు దానిని తీసివేయుట మంచిది.

దీనికి ఎంతటి ఇంటర్నెట్టు కావలెనని అడుగుదురు. సి.డి. నాణ్యతగల పాటకు సెకనుకు రెండు మెగాబిట్ల నిలుకడయైన ప్రవాహమున్నచో ధారాళముగా సరిపోవును. విద్యుత్తు స్తంభములమీదుగా తీగలు లాగి 2017 డిసెంబరులో లాంఛనముగా ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టుగాని, ఇతర సంస్థల తీగలుగాని పల్నాటిలో ఇంటికి వచ్చినచోట ఇది పెద్ద కోరిక కాదు. తీగ రాని పల్లెలో ఫోను ప్యాకుమీద ఆధారపడువారు మాత్రము లెక్క చూచుకొనవలెను. గంట పాటకు సుమారు 350 నుండి 400 మెగాబైట్లు ఖర్చగును. దినమునకు ఒకటిన్నర గిగాబైట్ల ప్యాకు నాలుగు గంటల సంగీతముతో చెల్లిపోవును. నడుమ ఒక్కక్షణము ప్రవాహమాగినను పాట ఆగదు. ఇంటిపైని నీళ్లతొట్టివలె పరికరము కొన్ని సెకనుల పాటను ముందే నింపుకొని యుంచును. కరెంటు పోయినప్పుడు రూటరుకూడ నిలిచిపోవును గనుక దానికొక చిన్న బ్యాటరీ అమర్చుట లాభకరము.

అంకెలు వీధిదాటి ఇంటిగడప వరకు చెక్కుచెదరక వచ్చినవనుకొందము. అవి గడపనుండి యాంప్లిఫయరు వరకు నడుచు పది అడుగులలోనే పెక్కుమంది వానిని పోగొట్టుకొనుచున్నారు. ఫోనునుండి బ్లూటూత్ ద్వారా పాటను స్పీకర్లకు పంపుట సులభము. కాని బ్లూటూత్ సాధారణముగా పాటను మరల కుదించి పంపును. ఖరీదైన చందా కట్టి, కట్టిన బేలును గుమ్మములోనే దూదిగా చెదరగొట్టినట్లగును. దీనికి విరుగుడులు మూడు. ఒకటి: నెట్టునుండి పాటను తానే గ్రహించు స్ట్రీమరు అను చిన్న పెట్టెను యాంప్లిఫయరునకు తగిలించుట. రెండు: ఫోనును గాని కంప్యూటరును గాని యు.ఎస్.బి. తీగతో, అంకెలను ధ్వనిగా మార్చు డాక్ అను పరికరమునకు కలిపి, దానినుండి యాంప్లిఫయరునకు తీగ వేయుట. మూడు: వై-ఫై ద్వారా పాటను గ్రహించు యాంప్లిఫయరును కొనుట. మొదటి రెండు మార్గములలో పాత యాంప్లిఫయరు, పాత స్పీకర్లు అట్లే పనికివచ్చును. సి.డి. ప్లేయరు పాడైనదని మంచి స్పీకర్లను పాతసామానుకు వేయవలదు. ప్లేయరు చేయుచుండిన పని రెండు భాగములు: అంకెలను చదువుట, వానిని ధ్వనిగా మార్చుట. అరిగిపోయినది చదువు భాగమే. కొన్ని ప్లేయర్లకు బయటినుండి అంకెలను స్వీకరించు రంధ్రము వెనుకప్రక్క నుండును. అట్టి ప్లేయరు డాక్‌గా ఇంకను బహుకాలము పనిచేయగలదు.

ఇక వ్యాపారప్రకటనలలో పెద్ద అంకెలు కొన్ని కనబడుచుండును. 24 బిట్లనియు, సెకనుకు 1,92,000 కొలతలనియు చెప్పుదురు. పాటను ముద్రించు స్టూడియోలో, దిద్దుబాట్లు చేయునప్పుడు ఆ అదనపు కొలతలు ఉపకరించును. వినునప్పుడు వానివలన లాభము అతిస్వల్పము. సి.డి.లోని 16 బిట్లు అత్యల్పధ్వనికి, అత్యధికధ్వనికి నడుమ సుమారు 96 డెసిబెళ్ల ఎడమును చూపగలవు. మే నెలలో నరసరావుపేటలో పంకా తిరుగుచున్న గదిలో, వీధిలో ఆటోలు పోవుచుండగా, అందులో ఎంత భాగము వినగలమో ఎవరికి వారే యోచింపవచ్చును. 1950 ప్రాంతపు పాత ముద్రణకు ఎన్ని బిట్లు చేర్చినను, నాడు మైకు పట్టని ధ్వని నేడు పుట్టదు. ఆ ధనముతో స్పీకర్లను గోడమూలలనుండి కొంచెము ముందుకు జరిపి, వానిక్రింద గట్టి పీటలు వేసి, ఎదుటిగోడకు మందమైన తెర కట్టినచో అంతకంటె స్పష్టమైన మేలు కనబడును.

మేము మా ఇంటిలో చేసిన పరీక్ష చెప్పెదము. ఒకే కచేరీ సి.డి.ని, అదే కచేరీ తీగపాటను సిద్ధముచేసి, బిగ్గరతనము సమానముగా నుంచి, మా కుమారుడు తెరవెనుక నుండి మార్చుచుండ మేము వింటిమి. ఏది ఏదో గుర్తించుటలో మా సమాధానములు బొమ్మబొరుసు వేసినట్లే యున్నవి. మరియొక పాటలో మాత్రము భేదము స్పష్టముగా తెలిసినది. తీగపాట గట్టిగాను, గొంతు మీదికి వచ్చినట్లుగాను ఉండెను. తరచి చూడగా అది తీగ చేసిన మార్పు కాదు. ఆ పాటను ఇటీవల మరల దిద్ది విడుదల చేసిరి. బిళ్లలో నున్నది పాత ముద్రణ, తీగలో నున్నది క్రొత్త ముద్రణ. పలువురు ‘తీగపాట బాగులేదు’ అనునప్పుడు నిజమునకు నిందింపవలసినది ఈ దిద్దుబాటునే కావచ్చును. మీకు పాత ముద్రణయే ప్రియమైనచో దాని చిరునామా మీ బీరువాయే.

ఈ పరీక్షతో మొదటి సందేహము తీరినది. ‘ఇక బీరువాను ఖాళీ చేయుదము’ అని నిశ్చయించితిమి. అయినను అమ్మివేయుటకు ముందు ప్రతి బిళ్లను తీసి, అందలి పాటలు తీగలో దొరకునో లేదో చూడ మొదలిడితిమి. సుమారు రెండువందల బిళ్లలు. ప్రసిద్ధ గాయకుల కచేరీలు, సినిమా పాటలు, అన్నమాచార్య, త్యాగరాజ కీర్తనలు చాలవరకు దొరకినవి. కొన్నిచోట్ల రాగము పేరు తప్పుగా నున్నది. మరికొన్నిచోట్ల పాట పేరును ఆంగ్లాక్షరములలో నాలుగువిధములుగా వ్రాసి చూచినగాని దొరకలేదు. కాని ఒక మూలలోని బిళ్లలు ఎంత వెదకినను దొరకలేదు. తిరునాళ్లలో కొన్న బుర్రకథలు. పౌరాణిక నాటక పద్యములను హార్మోనియముతో పాడి చిన్న సంస్థలు విడుదల చేసినవి. కోటప్పకొండ ప్రభలనాడు అమ్మిన భక్తిపాటలు. మరియు మా ఇంటివారే ముద్రింపించుకొన్నవి కొన్ని.

ఆ కడపటివానిలో మా అక్కగారి పెండ్లినాటి మేళమున్నది. పెండ్లి ఫొటోలు తీసినవారు ఆనాటి ధ్వనిని వేరుగా ఒక బిళ్లమీదికెక్కించి ఇచ్చిరి. నాదస్వరము వాయించిన పెద్దాయన ఇప్పుడు లేరు. మా తల్లిగారు మంగళహారతి పాడినదియు అందులోనే కలదు. ఆమెయు లేరు. ఆ బిళ్లను ఎన్నో ఏండ్ల తరువాత తీసి పెట్టితిమి. యంత్రము దానిని గుర్తింపనే లేదు. ప్లేయరు దోషమనుకొని మరియొక ఇంట, పిదప కంప్యూటరులో పెట్టి చూచితిమి. మొదటి పాట సగమువరకు వచ్చినది. తక్కినది రాలేదు. హారతి రాలేదు.

కారణము తెలిసికొనగా ఇది అరుదైన ప్రమాదము కాదని తేలినది. దుకాణములో కొను సి.డి. అచ్చునుండి పోతపోసినది. దానిలో గుంటలు నిజమైన గుంటలు. ఇంటిలోగాని స్టూడియోలోగాని రికార్డుచేసిన బిళ్లలో గుంటలుండవు. ఒక రంగుపూతను లేజరుతో మార్చి గుర్తులు పెట్టుదురు. ఎండ, వేడి, తేమ ఆ పూతకు శత్రువులు. వేసవిలో రేడియో వాతావరణ వార్తలు వినువారికి రెంటచింతల పేరు పరిచితమే. రాష్ట్రములో మిక్కిలి ఎండకాయు ఊళ్లలో అది యొకటి. అట్టి సీమలో, పడమటి కిటికీప్రక్క అద్దాల బీరువాలో, ఇరువది వేసవులు గడచిన బిళ్ల మాటాడకుండుట వింతకాదు. పోతపోసిన బిళ్లకైనను పేరు వ్రాసిన పైభాగమే సుకుమారము. క్రిందిభాగమున దళసరి ప్లాస్టిక్కు కాపాడును. పైన వెండివలె మెరయు పొరకు పల్చని లక్కపూతయే రక్ష. అందుచేత పైభాగముమీద గట్టికలముతో వ్రాయుటయు, చీటీలంటించి పెరుకుటయు తగదు.

కావున పెద్దలకును పిన్నలకును మా విన్నపమిది. సి.డి.నుండి తీగపాటకు మారుడు. అందులో భయపడవలసిన దేదియు లేదు. కాని బీరువాను మూడు వరుసలుగా విడదీసిన పిదపనే మారుడు. తీగలో అదే ముద్రణ దొరకు బిళ్లలు మొదటి వరుస. తీగలో దొరకనివియు, వేరు ముద్రణ దొరకునవియు రెండవ వరుస. ఇంటిలో రికార్డుచేసినవి మూడవ వరుస. పని మూడవ వరుసనుండి మొదలుపెట్టుడు. ఒక్క వేసవియు ఆలస్యము చేయవలదు.

ప్రతి తీయు విధానము కష్టముకాదు. బిళ్ల చదువు సాధనమున్న కంప్యూటరు ఒకటి కావలెను. క్రొత్త ల్యాప్‌టాపులలో అది లేనిచో యు.ఎస్.బి. తీగతో విడిగా తగిలించునది దొరకును. మెత్తని వస్త్రముతో బిళ్లను నడిమినుండి అంచునకు తుడువవలెను, గుండ్రముగా తుడువరాదు. ప్రతిని ఫ్లాక్ రూపమున తీయవలెను, ఎం.పి.3 రూపమున తీయరాదు. చోటు కలిసివచ్చునని సారాంశము వ్రాసికొని మూలమును పారవేయుట తెలివి కాదు. సరియైన ప్రతివచ్చినదా అని, అదే బిళ్లనుండి ఇతరులు తీసిన ప్రతుల లెక్కతో సరిచూచు ఉచిత సాఫ్ట్‌వేరులు కలవు. ఇంటిలో రికార్డుచేసిన బిళ్లకు అట్టి సరిచూపు దొరకదు గనుక రెండుసార్లు ప్రతితీసి పోల్చుకొనవలెను. రెండువందల బిళ్లలు సుమారు 70, 80 గిగాబైట్లలో ఇముడును. చిటికెనవ్రేలంత పెన్‌డ్రైవు చాలును. అయినను ఒక ప్రతి ప్రతికాదు. ఒకటి ఇంటిలో, ఒకటి వేరే ఊరిలోనున్న కూతురింటనో, తమ్మునింటనో ఉంచవలెను. ఈ ప్రతులు మన సొంత వినికిడికే గాని అమ్ముటకును పంచుటకును కావు.

ప్రతి తీయునప్పుడు చేయవలసిన పని మరియొకటి కలదు. సి.డి. పెట్టెలోని చిన్న పుస్తకములో మృదంగమెవరు, వయొలినెవరు, ఏ సంవత్సరము, ఏ ఊరు అని ఉండును. తీగపాటలో గాయకుని పేరు ఉండును గాని ప్రక్కవాద్యకారుల పేర్లు తరచుగా ఉండవు. రేడియోలో ప్రతి కచేరీకి ముందు ఆ పేర్లను చదువు ఆచారము ఊరక ఏర్పడినది కాదు. కళాకారునికి దక్కవలసిన మొదటి సంభావన పేరే. మీ ప్రతులలో ఆ పేర్లను తెలుగులో నమోదుచేయుడు. పెండ్లిమేళపు బిళ్లయైనచో డోలు వాయించిన వాని పేరు ఇంటిలో వృద్ధులనడిగి వ్రాయుడు. వారు చెప్పగలిగిన దినములలోనే అడుగుడు.

తీగపాటకు చందా కట్టుట బాడుగ ఇంటిలో కాపురమువంటిది. ఇల్లు విశాలము, సౌకర్యము మెండు. కాని చందా నిలిచిన దినమున తలుపు మూతపడును. పాట హక్కుదారునికి, సంస్థకు నడుమ ఒప్పందము ముగిసినచో నిన్నటి పాట నేడుండకపోవచ్చును. వింక్ మ్యూజిక్ అను సేవ 2024లో ముగిసినప్పుడు దానిమీద పాటల వరుసలు కూర్చుకొన్నవారు మరల మొదటినుండి కూర్చుకొనవలసి వచ్చినది. ఇది ఎవరినో తప్పుపట్టుట కాదు, బాడుగయొక్క స్వభావము. బాడుగ ఇంటిలో నుండవచ్చును గాని తాతలనాటి పెట్టెను పారవేసి పోరాదు.

రేడియోగల ఇండ్లవారికి మరియొక మాట. ఈ మార్పువలన రేడియోయు మీ పెద్ద స్పీకర్లకు చేరువైనది. ఆకాశవాణి తెలుగు కేంద్రముల ప్రసారములు ఇంటర్నెట్టు ద్వారా వచ్చుచున్నవి. శాస్త్రీయ సంగీతమునకై ‘రాగం’ అను ప్రత్యేక ప్రసారము 2016 జనవరి 26న ఆరంభమైనది. మాచర్లలో రాత్రివేళ మీడియంవేవు గరగరల నడుమ విన్న కేంద్రమును అదే యాంప్లిఫయరులో నిర్మలముగా వినవచ్చును. ఇది సి.డి. నాణ్యతగల ప్రవాహము కాకపోవచ్చును. కాని ఏమి వినవలెనో తెలిసినవారొకరు ఎంచి వినిపించు భాగ్యము ఏ భాండారములోను అంత సులభముగా దొరకదు.

మా బీరువా ఇప్పుడు సగము ఖాళీ. మిగిలిన బిళ్లలను లోపలిగదిలో, ఎండ సోకని గూటిలో నిలువుగా పేర్చితిమి. ప్రతులు రెండుచోట్ల ఉన్నవి. అక్కగారి పెండ్లిమేళములో సగము నాదస్వరము మాత్రము దక్కినది. సాయంకాలము దీపము పెట్టిన పిదప దానిని ఒక్కొక్కప్పుడు పెట్టుకొందుము. డోలు చురుకుగనే మ్రోగును. కొంతదూరము పోయి ఆగిపోవును. తక్కినది మా అక్కగారు తనకు జ్ఞాపకమున్నంతవరకు పాడుచున్నది. మొన్న దానిని ఫోనులో రికార్డుచేసితిమి, ప్రతియు తీసితిమి. మీ ఇంటి బీరువాలో అట్టి బిళ్ల ఒక్కటైనను ఉండియే యుండును. ఈ వారములోనే దానిని తీసి పెట్టి చూడుడు.